ప్లస్ త్రీ మానేసిన పిన్ని

మా ఊళ్ళో డిగ్రీని డిగ్రీ అనరు, ప్లస్ త్రీ అంటారు. ఇంటర్‌ని ప్లస్ టూ అంటారు. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నంలో అడుగు పెడితే అదే చదువు మళ్ళీ ఇంటర్, డిగ్రీ అయిపోతుంది. ఒడిశాలోని ఈ పర్లాకిమిడిలో పుట్టిన తెలుగువాళ్ళకు రెండు పేర్లూ నోటికి వస్తాయి, ఎదుట ఎవరున్నారో చూసి మార్చుకుంటాం. నేను మాత్రం చాలాకాలం ఆ రెంటినీ తప్పించుకు తిరిగాను. ఏం చదువుకున్నావని ఎవరైనా అడిగితే "బీఎస్సీ చేశాను" అనేదాన్ని. చేశాను అంటే పూర్తి చేశానని వినేవాళ్ళు అనుకుంటారు. అనుకోనిచ్చేదాన్ని.

పోయిన ఆదివారం మా అక్క కూతురు వచ్చింది. ఇరవై నిండాయి, ప్లస్ త్రీ రెండో ఏడు. నా పక్కన పీట వేసుకుని వెల్లుల్లి వలుస్తూ, తల ఎత్తకుండా అంది: "పిన్నీ, కాలేజీ మానేసి రెండేళ్ళు ఊళ్ళు తిరిగి రావాలనుంది. నువ్వు తిరిగావు కదా. అమ్మకు నువ్వే చెప్పాలి."

నాకు ముందు గర్వం కలిగింది. ఆ వెంటనే భయం వేసింది. మా ఇంట్లో పిల్లలకు ఆదర్శంగా చూపించే మనిషిని కాను నేను. "ఆవిడలా కాకూడదు" అని చూపించే మనిషిని. ఆ మాటకు అలవాటు పడ్డాక, ఒక పిల్ల వచ్చి "నీలా వెళతాను" అంటే ఏం చెప్పాలో తెలియలేదు. అప్పటికి పప్పులో పోపు వేసి మాట మార్చాను. తర్వాత రెండు రాత్రులు ఆలోచించింది ఇక్కడ రాస్తున్నాను.

నేను మానేసింది 2014లో. మానేశాను అనడం కూడా గొప్పలకు పోవడమే. రెండో ఏడు కెమిస్ట్రీ పోయింది, మళ్ళీ రాయడానికి మనసు రాలేదు. నాన్న బట్టల కొట్లో గుమస్తా. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే రాసేదాన్నేమో. దూరపు బంధువొకాయన పూరీలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక లాడ్జిలో కౌంటరు దగ్గర కూర్చోవడానికి తెలుగు, ఒడియా రెండూ వచ్చిన మనిషి కావాలన్నారని చెప్పాడు. నెలకు ఆరు వేలు, తిండి, మెట్ల కింద ఒక గది. గుణుపూర్ నుంచి వచ్చే పూరీ రైలు ఎక్కాను. నా చిన్నప్పుడు అదే దారిలో చిన్న రైలు ఉండేది, 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి వేయించిన సన్నపట్టాల బండి. నాకు పదేళ్ళప్పుడు, 2004లో, అది ఆగిపోయింది. పెద్ద పట్టాలు వేసి మళ్ళీ రైలు నడిపేసరికి నేను కాలేజీ వయసుకు వచ్చాను. నేను ఊరు దాటడానికే వేశారన్నంత సంబరపడ్డాను అప్పట్లో.

పూరీలో నా పని ఏమిటంటే, బస్సుల్లో దిగే తెలుగు యాత్రికులకు గదులు సర్దడం, వేడినీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పడం, మహాప్రసాదం ఆనందబజారులో దొరుకుతుందని దారి చూపించడం. గది తాళంచెవికి అరచెయ్యంత చెక్కముక్క కట్టి ఉండేది, జేబులో పట్టకూడదని, ఎవరూ మరిచిపోయి పట్టుకుపోకూడదని. దాని మీద ఒడియాలో లాడ్జి పేరు, కింద అంకె. ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి రిక్షా అతను ఒక ముసలావిడను తీసుకొచ్చాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన బృందంలో మనిషి. గుడి దగ్గర తప్పిపోయింది. లాడ్జి పేరు తెలియదు, వీధి తెలియదు, అక్కడి వాళ్ళ మాట ఒక్కటీ రాదు. కొంగుకు ముడివేసుకున్న తాళంచెవి మాత్రం ఉంది. ఎవరో ఆ ముడి విప్పించి చెక్క మీది పేరు చదివారట. నన్ను చూడగానే ఆవిడ ఏడవలేదు. "అమ్మాయ్, పద్నాలుగో నంబరులో మా వాళ్ళకు అన్నం పెట్టారా?" అంది. నాకు అప్పుడు ఇరవై ఏళ్ళు, మెట్ల కింద గదిలో ఎన్నో రాత్రులు ఏడ్చిన దాన్ని. ఆ రాత్రి ఏడవలేదు.

అక్కడ పదకొండు నెలలున్నాను. సెలవులకు వచ్చే బెంగాలీ కుటుంబాలతో మాట్లాడి మాట్లాడి బెంగాలీ వచ్చింది. వాళ్ళలో ఒకాయన గాంగ్‌టక్‌లో హోటలు లీజుకు తీసుకుని నడిపేవాడు. అక్కడికి వెళ్ళాను. ఊళ్ళు తిరగడం అనగానే మా పిల్ల కళ్ళముందు ఏ బొమ్మ మెదులుతోందో నాకు తెలుసు, నేనూ అదే బొమ్మ పెట్టుకుని వెళ్ళాను. రెండేళ్ళలో కాంచనజంగ శిఖరం పూర్తిగా విచ్చుకుని కనబడింది తొమ్మిదిసార్లు. నేను లెక్కపెట్టుకున్నాను. మిగతా రోజులన్నీ దుప్పట్లు. వానాకాలంలో అక్కడ దుప్పట్లు ఆరవు. ఉతికినవి మేడ మీద కప్పు కింద వేలాడదీస్తే మూడో రోజుకీ తడిగానే ఉంటాయి, వాసన వేస్తాయి. సగం ఆరినవాటిని ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టడం నా పని. పర్వతాలు చూడడానికి వచ్చినవాళ్ళు హాయిగా పడుకునే దుప్పటి వెనక ఒక మనిషి చేతి బొబ్బలు ఉంటాయని అక్కడే తెలిసింది. నేపాలీ కూడా అక్కడే వచ్చింది. 2017లో నాన్నకు ఒంట్లో బాగాలేక తిరిగొచ్చాను. మళ్ళీ వెళ్ళలేదు.

ఇప్పుడు నా బతుకుతెరువు ఆ భాషలే. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, పూరీ, కోణార్క్‌లకు యాత్రా బస్సులు కడతాను. బెంగాలీలను ఇటు తెస్తాను, తెలుగువాళ్ళను అటు తీసుకెళతాను. ఇల్లు గడుస్తోంది. కాబట్టి మా పిల్లకు "వెళ్ళు, నేను బాగుపడలేదా" అనడం చాలా సులువు. అలా అనలేకపోవడానికి కారణాలున్నాయి.

మొదటిది, గొప్పవాళ్ళ ఉదాహరణలు. చదువు మానేసి కోటీశ్వరులైన విదేశీయుల కథలు మా పిల్ల ఫోనులో చూపించింది. అంత దూరం ఎందుకు, మన వైపు నుంచే చెప్పవచ్చు. బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి.గిరి పందొమ్మిదేళ్ళ వయసులో, 1913లో, ఐర్లాండుకు ఓడెక్కి వెళ్ళాడు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివాడు, అక్కడి స్వాతంత్ర్య పోరాటం వాళ్ళతో కలిశాడు, 1916లో దేశం విడిచి పొమ్మంటే తిరిగొచ్చాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన బి.ఏ. పూర్తి చేయలేదు. అయినా రాష్ట్రపతి అయ్యాడు. కథ ఇక్కడ ఆపేస్తే బాగానే ఉంటుంది. కానీ ఆయన బి.ఏ. లేకుండా వచ్చాడు గాని, బారిస్టరు పట్టా లేకుండా రాలేదు. తండ్రి జోగయ్య పంతులు బరంపురంలో పేరున్న వకీలు. ఓడ టిక్కెట్టు కొనగల ఇల్లు, తిరిగొస్తే నిలబెట్టగల ఇల్లు. చదువు మానేసినవాళ్ళ కథల్లో ఎప్పుడూ ఆ ఇల్లు కనబడదు, మనిషే కనబడతాడు.

నాకు నచ్చే ఉదాహరణ ఇంకొకటి, మా ఊరిదే. గిడుగు రామమూర్తి పంతులు 1880లో పర్లాకిమిడి రాజావారి బడికి మాస్టరుగా వచ్చినప్పుడు ఆయన చదువు మెట్రిక్యులేషనే. పదిహేడేళ్ళు. తండ్రి అంతకు ముందే పోయాడు, సంపాదించక తప్పదు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది), ఆ తర్వాత బి.ఏ. పూర్తి చేశాడు. అదే కాలంలో చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకున్నాడు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు, వాళ్ళకు సొంత ఖర్చుతో బడులు పెట్టాడు, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశాడు. కాలేజీ గేటు లోపల నాలుగేళ్ళు కూర్చోలేదు, అలాగని పట్టా అక్కర్లేదనీ అనుకోలేదు. రెండూ కలిపి ఒకే బండికి కట్టుకుని లాగాడు. (1936లో మా ఊరిని ఒడిశాలో కలిపితే ఆయన ఈ ఊరే వదిలి రాజమండ్రి వెళ్ళిపోయాడు. ఆ సంగతి తలుచుకుంటే మా ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఇప్పటికీ గొంతు మారుతుంది. అది వేరే కథ.)

రెండోది, ప్రయాణం అనే మాట. మా పక్క గంజాం జిల్లా నుంచి ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు తరతరాలుగా సూరత్ మగ్గాల్లోకి వెళుతున్నారు. చాలామందికి ప్లస్ టూ కూడా ఉండదు. వాళ్ళు చూసినన్ని స్టేషన్లు నేను చూడలేదు. 2020 మే నెలలో శ్రామిక్ రైళ్ళు దిగి సంచులు నెత్తిన పెట్టుకుని వచ్చినప్పుడు వాళ్ళను ఎవరూ యాత్రికులు అనలేదు. డిగ్రీ ఉన్న ఇంటి పిల్లవాడు ఉద్యోగం మానేసి గోవాలో హోటలు గిన్నెలు కడిగితే అది లోకాన్ని చూడడం. డిగ్రీ లేని ఇంటి పిల్లవాడు అవే గిన్నెలు కడిగితే వలస. గిన్నెలు మారలేదు. తిరిగి వెళ్ళి కూర్చోవడానికి ఒక కుర్చీ ఉందా లేదా, తేడా అంతా అక్కడే ఉంది. మా పిల్లను నేను అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎక్కడికి వెళతావు" కాదు, "వచ్చాక ఎక్కడ కూర్చుంటావు" అని. నేను తిరిగొచ్చాక మూడేళ్ళు కూర్చోవడానికి చోటు లేక నిలబడే ఉన్నాను. యాత్రా బస్సు కట్టే ఆలోచన ఒక్కరోజులో పుట్టలేదు.

మూడోది ఆడపిల్ల సంగతి. దీని మీద నాకు కొంచెం ఎక్కువ కోపం ఉంది, ముందే చెబుతున్నాను. మగపిల్లవాడు డిగ్రీ మానేస్తే నాలుగు తిట్లు తిని పనికి పోతాడు. ఆడపిల్ల మానేస్తే ఆ వారంలోనే సంబంధాలు మొదలవుతాయి. మా ఇళ్ళలో ప్లస్ త్రీ అంటే చదువు ఒక్కటే కాదు, పెళ్ళికి పెట్టుకున్న వాయిదా కూడా. "చదువుతోంది" అన్న ఒక్క మాట మూడేళ్ళు అందరి నోళ్ళూ కట్టేస్తుంది. అందుకే "ముందు డిగ్రీ పూర్తి చెయ్యి, తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు తిరుగు" అని మా అక్క అంటే నాకు నవ్వొస్తుంది. ఆ "తర్వాత" మా అక్కకు రాలేదు. పరీక్ష రాసిన నెలకు పందిరి వేశారు. ఇష్టం వచ్చినట్టు తిరగడం అంటే ఆవిడకు ఇప్పటికీ పాతపట్నం నీలమణి దుర్గ గుడికి ఆటోలో వెళ్ళి రావడమే. అక్క ఇది చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

కాబట్టి పూర్తయ్యేదాకా ఆగమని నేను చెప్పను. ఇరవైల్లో మెట్ల కింద గది గదిలా కనబడుతుంది, ముప్ఫైల్లో మెట్ల కిందలాగే కనబడుతుంది. కొత్త భాష నాలుక మీదికి రావడానికి, తప్పు మాట్లాడి నవ్వులపాలైనా లెక్కచేయకపోవడానికి ఆ వయసే తగినది. కానీ మానెయ్యమనీ చెప్పను. దానికి కారణం 2023 ఫిబ్రవరిలో ఒక రాత్రి.

బ్రిటన్ వాళ్ళు భారతీయ యువతకు ఒక వీసా మొదలుపెట్టారని ఫోనులో చూశాను. యంగ్ ప్రొఫెషనల్స్ పథకం. ఏడాదికి 3,000 మంది. వయసు 18 నుంచి 30. రెండేళ్ళు అక్కడ ఉండవచ్చు, నచ్చిన పని చేసుకోవచ్చు, ముందే ఉద్యోగం చూసుకుని వెళ్ళాలన్న షరతు లేదు. లాటరీలో పేరు తీస్తారు, పేరివ్వడానికి రూపాయి ఖర్చు లేదు. బ్యాంకులో 2,530 పౌండ్లు చూపించాలి, అంటే అప్పటి లెక్కలో సుమారు రెండున్నర లక్షలు. చిట్టీ పాడితే, గాజులు పెడితే కుదిరే డబ్బు. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. గుండె దడదడలాడింది. హోటలు పని తెలుసు, ఐదు భాషలు తెలుసు, ఇంగ్లీషు గడుస్తుంది. అమ్మ పక్కన పడుకుని, వెలుతురు ఆవిడ కళ్ళలో పడకుండా దుప్పటి కప్పుకుని, ఒక్కొక్క షరతూ చదువుకుంటూ కిందికి వెళ్ళాను. వయసు, సరే. పాస్‌పోర్టు, ఉంది. డబ్బు, చూద్దాం. ఆ తర్వాతి గీత: బ్యాచిలర్ డిగ్రీ గాని, అంతకన్నా పై చదువు గాని ఉండాలి.

దుప్పటి తీసేసి కూర్చున్నాను. "ఏమైందే?" అంది అమ్మ. "ఏమీ లేదు, ఉక్కగా ఉంది" అన్నాను. ఫిబ్రవరిలో.

మరుసటి ఏడు ఆస్ట్రేలియా కూడా మనవాళ్ళకు ఇలాంటిదే ఇచ్చింది, ఏడాదికి 1,000 మందికి. అక్కడా ప్లస్ టూ తర్వాత కనీసం రెండేళ్ళ చదువు పూర్తిచేసినట్టు కాగితం కావాలి. నా రెండేళ్ళు కాలేజీ రిజిస్టరులో ఉన్నాయి, కాగితం మీద లేవు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊళ్ళు తిరగడానికి డిగ్రీ అడ్డమని వదిలేశాను. తీరా లోకం తలుపు తీసేసరికి గడప మీద అడిగింది ఆ డిగ్రీనే. ఉద్యోగం కోసం డిగ్రీ అని మనకు చిన్నప్పటి నుంచి నూరిపోస్తారు. నిజానికి ఇంట్లో కూర్చునేవాళ్ళ కన్నా తిరగాలనుకునేవాళ్ళకే అది ఎక్కువ అవసరం. దేశం లోపల తిరగడానికి అక్కర్లేదు, పూరీ లాడ్జిలో నన్నెవరూ మార్కుల జాబితా అడగలేదు. హద్దు దాటేటప్పుడే అడుగుతారు. పదో తరగతి దగ్గరే ఈ లెక్క మొదలవుతుంది: పది పాసు కాని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ అనుమతి కావాలన్న ముద్ర పడుతుంది. అలాంటివాళ్ళు గల్ఫు దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ముందు ఆ అనుమతి తెచ్చుకోవాలి. ఆ కాగితం కోసం మనుషులు దళారుల చేతుల్లో పడడం నేను దగ్గర నుంచి చూశాను.

బ్రిటన్ వీసా సంగతి చూసిన ఏడే, జులైలో, దూరవిద్య నడిపే ఇగ్నోలో బి.ఏ.కు చేరాను. మూడేళ్ళ కోర్సు, ఆరేళ్ళలోపు ఎప్పుడైనా పూర్తి చేయవచ్చు. జనవరిలో చేరవచ్చు, జులైలో చేరవచ్చు. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. అసైన్‌మెంట్లు బస్సు ముందు సీట్లో కూర్చుని రాస్తాను. కోణార్క్ రోడ్డు గుంతల్లో రాసిన పేజీలు నేనే చదవలేను, దిద్దేవాళ్ళ ఓపికకు దండం పెట్టాలి. ఇలా చేయవచ్చని 2014లో నాకు ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు. పూరీ కౌంటరు వెనక మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈగలు తోలుకుంటూ కూర్చున్న రోజుల్లో ఆ పుస్తకాలు ముందుంటే గాంగ్‌టక్ వెళ్ళేటప్పటికే సగం అయిపోయేది. ఇదొక్కటే నాకు మిగిలిన బాధ. వెళ్ళినందుకు లేదు.

ఇప్పటి పిల్లలకు ఇంకో వెసులుబాటు వచ్చింది. 2020 విద్యా విధానం ప్రకారం మొదటి ఏడు పూర్తిచేసి ఆగితే సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా, మూడేళ్ళకు డిగ్రీ. పాసైన పేపర్లకు వచ్చే క్రెడిట్లు క్రెడిట్ల బ్యాంకులో ఏడేళ్ళ దాకా చెల్లుతాయి, తర్వాత వచ్చి అక్కడి నుంచే కొనసాగించవచ్చు. చెప్పుకోవడానికి చక్కగా ఉంది. కానీ నేను కౌంటరు వెనక కూర్చున్న మనిషిని, నియమానికీ గుమస్తాకూ మధ్య ఎంత దూరం ఉంటుందో తెలుసు. అందుకని మా పిల్లకు చెప్పాను: రెండో ఏడు పరీక్షలు అన్నీ రాయి. ఒక్క పేపరు కూడా నా కెమిస్ట్రీలా వదలకు. డిప్లొమా ఇస్తారా లేదా, క్రెడిట్లు నీ ఖాతాలో పడ్డాయా లేదా కాలేజీ ఆఫీసులో నోటితో అడిగి రాకు, కాగితం మీద రాయించుకో. కుదరదంటే జులైలో ఇగ్నో. నమోదు సంఖ్య చేతిలో పడ్డాకే రైలు ఎక్కు. "చదువుతోంది" అన్న మాట అమ్మ నోట్లో ఉండాలి, లేకపోతే చుట్టాలు ఊరుకోరు.

ఇంకో షరతు కూడా పెట్టాను, దానికి పిల్ల మొహం ముడుచుకుంది. నా దగ్గర డబ్బు తీసుకుని తిరగడం కుదరదు, పని చూసుకుని వెళ్ళాలి. డబ్బుతో తిరిగితే డబ్బు అయిపోయేదాకా తిరుగుతాం. పనితో వెళితే ఆ ఊరు మన చేత మాట్లాడిస్తుంది. మా జిల్లాలోనే చంద్రగిరిలో 1963లో వచ్చి స్థిరపడ్డ టిబెట్ వాళ్ళున్నారు. టిబెట్ వాళ్ళు చలికాలం స్వెట్టర్ల మూటలు కట్టుకుని దేశమంతా ఊళ్ళు పట్టుకు తిరుగుతారు, మళ్ళీ తమ ఊరు చేరతారు. వాళ్ళలో ఎవరితోనైనా పది నిమిషాలు బేరమాడి చూడు, ఏ ఊరి మనిషి ఏ రంగు కొంటాడో చెబుతారు. ఫోటోలు తీసుకుని వచ్చినవాళ్ళకు ఆ సంగతి తెలియదు.

ఒంటరి ఆడపిల్ల, గది గొళ్ళెం, రాత్రి డ్యూటీ, ఈ విషయాలన్నీ పిల్లతో విడిగా మాట్లాడాను. అవి ఇక్కడ రాయను. లోపల గడియ లేని గదిలో ఒక్క రాత్రి కూడా ఉండకూడదన్నది మాత్రం రాస్తాను.

నిన్న పిల్ల మళ్ళీ వచ్చింది. పూరీలో నేను పనిచేసిన చోటు కాదు, తెలిసినవాళ్ళది వేరొక లాడ్జి, వేసవి సెలవులకు రెండు నెలలు మనిషి కావాలన్నారు. ముందు అది చూసి రమ్మన్నాను. దుప్పట్లు, ఫిర్యాదులు, ఈగలు చూశాక కూడా రైలు ఎక్కాలనిపిస్తే అప్పుడు గాంగ్‌టక్ మాట. సరేనంది. నాకు జూన్‌లో పరీక్షలున్నాయి, చివరివి. హాల్ టిక్కెట్టు డౌన్‌లోడ్ చేసేటప్పుడు నన్ను పిలువు పిన్నీ, నీకు పాస్‌వర్డ్ గుర్తుండదు అని వెక్కిరించింది.

అక్కకు మూడు రోజుల నుంచి ఫోను చేస్తున్నాను. ఎత్తడం లేదు.